సుగ్గి

గుంటూరు మిరపకాయలో కారం ఘాటుగా ఉంటుందని మెచ్చుకుంటాం గానీ, దాన్ని కోసిన చెయ్యి ఏ ఊరిదని ఎవరం అడుగుతాం చెప్పండి! ఆ చేతుల్లో ఎన్నో కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపువి. దీపావళి దాటాక పత్తి ఏరడానికీ, సంక్రాంతి తర్వాత మిరప కోతకూ పిల్లాపాపలతో లారీలెక్కుతారు. మళ్ళీ ఉగాదికే ఇల్లు చూడడం.

ప్రభుత్వంవారు దీన్ని వలస అని రాసుకుంటారు. వాళ్ళు మాత్రం సుగ్గి అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం. ఎవరి పంటో, ఎవరింటికో!

పక్కనే తుంగభద్ర. అయినా చాలా చేలు వానకోసం ఎదురుచూసేవే. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైంది సీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఏడాదికి 100 రోజుల పని అన్నారు. అప్పుకు వడ్డీ మాత్రం 365 రోజులూ పెరుగుతుంది కదా! మిరప చేలోనైతే ఇంటిల్లిపాదీ కోయొచ్చు, కోసినంతకు కూలి.

కోసిగిలో, రేపు ప్రయాణమనగా, ఒకామెను అడిగాను:

"ఆడపిల్లనన్నా బడిలో ఉంచి పోకూడదా?"

"హాస్టలుందిలేక్కా. చేన్లో చంటోన్ని ఎవురు పట్టుకోవల్ల?"

కడప వైపు ఎందరో తల్లులు కువైట్‌లో పరాయి పిల్లల్ని పెంచుతుంటే, వాళ్ళ పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. ఇక్కడ ఆ అమ్మమ్మకు పదేళ్ళు! ఆ పని ఏ కూలి లెక్కలోకీ రాదు.

"పుస్తకాలు పెట్టుకున్నావా?" అన్నాను.

"రెండు" అంది ఆ పిల్ల, వాళ్ళమ్మ వైపు చూస్తూ.