షిఫ్టు దిగాక

నెల్లిమర్ల జూట్ మిల్లులో పని షిఫ్టుల లెక్కన సాగేది. షిఫ్టు దిగిన కార్మికుడు ఒంటికంటిన నారధూళి దులుపుకొని, ఖాళీ క్యారేజీ సైకిలుకు తగిలించుకొని ఇంటిదారి పట్టేవాడు. ఆ దారి వెనుక పెద్ద పోరాటమే ఉంది. 1886లో చికాగో కార్మికులు 8 గంటల పనిదినం కోసం సమ్మెకు దిగారు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9, వారానికి 48 గంటల హద్దు గీసింది; దాటితే రెట్టింపు కూలి ఇమ్మంది.

కానీ పోయిన సాయంత్రాన్ని రెట్టింపు కూలి కూడా తిరిగి తేలేదు. వేళకు ఇల్లు చేరితేనే బిడ్డ చదువు తెలుస్తుంది, తల్లికి మందు అందుతుంది, అరుగు మీద ఇరుగుపొరుగుతో మాట కలుస్తుంది. ఇప్పుడు పని ఫోనులో ఇంటిదాకా వస్తోంది. అయినా వేళకు పని ముగించి లేచే మనిషి ఇంటివాళ్ల కాలాన్ని ఇంటివాళ్లకే అప్పగిస్తున్నాడు.