జెర్రిపోతు – కట్లపాము

మా యింటి వెనుక వడ్లకొట్టు గలదు. నాకు పండ్రెండేండ్ల ప్రాయమున, పంట యిల్లు చేరిన పుష్యమాసమున, ఆ కొట్టులో ఆరడుగుల పాము నొకదానిని చూచితిని. అది తప్పించుకొనిపోవు దారికి నేనడ్డముగా నిలిచియుంటిని. అందుచే నది మెడ నుబ్బించి, బుసకొట్టుచు నామీదికి దుమికెను. నేను కఱ్ఱతో దానిని కొట్టి చంపితిని. ఇరుగుపొరుగువారు నా ధైర్యమును మెచ్చుకొనిరి. తాతగారు మాత్రము చచ్చిన పామును తేరిపార చూచి, "ఒరే అబ్బాయీ, ఇది జెర్రిపోతురా! మన వడ్లకు కావలి కాయుదానిని చంపితివి" అని విచారపడిరి.

"అంత కోపముతో మీదికి వచ్చినది మంచిదెట్లగును తాతయ్యా?" అని నేనడిగితిని.

"పాముకు కోపము వేఱు, విషము వేఱు. అది దేనిని తినునో, ఎప్పుడు తిరుగునో ముందు తెలిసికొనుము" అని యాయన బదులు చెప్పిరి.

ఆ యేడు ఎలుకలు కొట్టులో స్వేచ్ఛగా విహరించినవి. విత్తనమునకై దాచిన బస్తాల యడుగులు కొఱికివేసినవి. తొలకరికి తాతగారు పొరుగు రైతు వద్ద విత్తనపు వడ్లు అప్పు తెచ్చుకొనవలసి వచ్చెను. ఆయన నన్నొక్క మాటయు ననలేదు. ఆ మౌనమే నన్ను మిక్కిలి బాధించెను.

అప్పటినుండి పాముల స్వభావములను తెలిసికొన యత్నించితిని. జెర్రిపోతు పగటివేళ తిరుగును. ఎలుకలను, కప్పలను, పక్షులను తినును. దారి దొరికిన పారిపోవును, దొరకనిచో కఱచును. దానికి విషము లేదు. పొలము కాలువలలోని నీరుకట్టె చేపలను, కప్పలను తినును. పట్టుకొనినచో పలుమారులు కఱచును గాని దాని కాటున ప్రాణభయము లేదు. త్రాచుపాము ఎలుకల వెంట ఇండ్లలోనికి వచ్చును. విషము గలదైనను పడగ విప్పి, బుసకొట్టి తరచుగా ముందు హెచ్చరించును. కట్లపాము వీనికి భిన్నము. ఇతర పాములను, బల్లులను, ఎలుకలను తినుటకు అది రాత్రివేళ బయలుదేరును. పగటివేళ తాకినను తరచుగా చుట్టచుట్టుకొని తలను దాచుకొనును. అంత సాధువుగా కనబడు దాని విషము ఊపిరి నాపివేయును. కాటు నొప్పి స్వల్పమగుటచే నిద్రించువాడు మేలుకొనకయే పోవచ్చును.

ఈ జ్ఞానము నాకొకనాడు అక్కరకు వచ్చెను. మరుసటి వర్షఋతువున నొక వేకువను, నేలపై పరుండిన మా చెల్లెలి చాప ప్రక్క, నల్లని శరీరముపై సన్నని తెల్లని కట్లు గల పాము కదలక పడియుండెను. చెల్లెలు కన్నులు తెరచి, "అన్నయ్యా, ఈ త్రాడెక్కడిది?" అని చేయి చాచెను. నేను ఆ పిల్ల చేయి పట్టి వెనుకకు లాగి, ఇంటివారి నందఱిని బయటికి పంపితిని. పాములవాడు వచ్చి దానిని కుండలో బంధించి, ఊరికి దూరముగా విడిచెను. కోపముగా కనబడిన జెర్రిపోతు మాకు మేలు చేయునదియే. శాంతముగా కనబడిన యీ పాము మా చెల్లెలి ప్రాణము తీయగలిగినది. నా కన్నులకు తోచినది రెండు మారులును తప్పే.

సోదర విద్యార్థులారా! వర్షకాలమున నేలపై పరుండకుడు. దోమతెర అంచులను పరుపు క్రింద దోపుకొనుడు. చీకటిలో దీపము లేక నడువకుడు. పాము కఱచినచో త్రాళ్లు బిగింపక, గాయము కోయక, వెంటనే ఆసుపత్రికి పోయి విషమునకు విరుగుడు మందు పొందుడు. పాము కనబడినచో కఱ్ఱ నెత్తక, తెలిసినవారిని పిలువుడు. జెర్రిపోతును చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము కూడ.

తాతగారు ఇప్పుడు లేరు. మా కొట్టులోనికి మరల నొక జెర్రిపోతు వచ్చుచున్నది. అది కనబడినప్పుడెల్ల నేను తలుపు తెరచి, ఒక ప్రక్కకు తొలగి దానికి దారి యిచ్చుచున్నాను.