గొంతు పోలేదు... ఎండిపోయింది!

ఉప్పల్‌ నుంచి నాచారం వెళ్తుంటే ఓవైపు పారిశ్రామికవాడ షెడ్లు, మరోవైపు కాలనీలు. ఇంకాస్త ముందుకెళ్తే 1967లో మొదలైన ఈసీఐఎల్‌. దాని ఈసీ టీవీలు ఒకప్పుడు ఇంటింటి ముచ్చట. ఆ రోజుల నాటి స్పీకర్‌ పెట్టెలు ఇప్పుడు అటకమీదో, పాతసామాన్ల బండిమీదో కనిపిస్తాయి.

వాటిలో తబలా మోగుతూ తాళాలు వినపడకపోతే ముందు క్రాసోవర్‌ను చూడాలి. గంభీర స్వరాన్ని పెద్ద స్పీకరుకీ, సన్నటి స్వరాన్ని ట్వీటరుకీ పంచే చిన్న సర్క్యూట్‌ అది. అందులోని ఎలక్ట్రోలిటిక్‌ కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతాయి. రాగితీగ కాయిల్‌ మాత్రం సాధారణంగా చెక్కుచెదరదు. కోఠి గుజరాతీ గల్లీలో వెతికి, అదే మైక్రోఫారడ్ల విలువ, అంతకు తగ్గని వోల్టేజీ ఉన్న ఫిల్మ్‌ కెపాసిటర్‌ తెచ్చి టంకం పెడితే చాలు.

తూకానికి వేసేముందు నాలుగు మరలు విప్పి చూడాలి. తాతగారు విన్న ఘంటసాల అందులోనే ఉన్నాడేమో!