గాజులమ్మిన బజారులో...

మన సినిమాల్లో తల్లి గాజులమ్మే సీను మీరెన్నిసార్లు చూసి ఉంటారు? కొడుకు చదువు ఆగిపోయేట్టుంటుంది. తల్లి తన చేతులకేసి చూసుకుంటుంది. కట్ చేస్తే షావుకారు కొట్లో త్రాసు! మళ్ళీ కట్ చేస్తే కొడుకు పట్టా పుచ్చుకుని గుమ్మంలో నిలబడి ఉంటాడు. నిమిషం కూడా పట్టదు.

ఆ సీను మా ఇంట్లోనూ జరిగింది. 2009లో నా బి.ఏ. ఆఖరి ఏడాది ఫీజు కోసం మా అమ్మ తన రెండు గాజులూ అమ్మింది. పులివెందుల దగ్గర మా పల్లె నుంచి పనిగట్టుకుని బస్సెక్కి ప్రొద్దుటూరు వెళ్ళి మరీ అమ్మింది. “ఆడైతే తూకం సరింగా ఉంటాదిలే” అన్న మాటొక్కటే నాకు గుర్తు. బస్సులో ఆ ఊరు దాటి పోవడమే తప్ప నేనక్కడ దిగి నడిచింది లేదు. మొన్న దిగాను.

పైకి చెప్పుకున్న కారణం వేరే లెండి! శాంతకుమారి గారి ఊరి మీద ఒక వ్యాసం రాద్దామని. ఫ్రీలాన్సు జర్నలిస్టునంటే రాసినప్పుడు కాదు, అచ్చయినప్పుడు అన్నం తినేవాడు. దారి ఖర్చులిచ్చే నాథుడు లేడు. టిక్కెట్టు పోగా జేబులో పదిహేను వందలు. అందుకే ఊళ్ళో ఆటో ఎక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

హైదరాబాదు బస్సు తెల్లవారుజామున దింపింది. బస్టాండు దగ్గరే ఓ లాడ్జిలో ఫ్యాను మాత్రమే ఉన్న గది తీసుకుని, స్నానం చేసి బయటపడ్డాను. బండి మీద ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. నానిన బొరుగులకు పెట్టిన ఆ తాలింపు వాసనకే కడుపు సగం నిండుతుంది. మిగతా సగానికి ఇచ్చుకున్నది చాలా తక్కువ.

ప్రొద్దుటూరు చిన్న ఊరేం కాదు. 1915లోనే మునిసిపాలిటీ అయింది. 2011 లెక్కల్లోనే లక్షా అరవై వేల పైచిలుకు జనం. అయినా నడిచేవాడికి బెదురు పుట్టించదు. అగస్త్యేశ్వరాలయానికి వెళ్ళాను. పుట్టపర్తి నారాయణాచార్యుల వారు ‘శివతాండవం’ రచించింది ఇక్కడ ప్రదక్షిణలు చేస్తూనే. నేనూ ఓ ప్రదక్షిణ చేశాను. కవిత్వం రాలేదు గానీ కాళ్ళకు హుషారు వచ్చింది!

గుడి బయట పూలమ్మే ముసలామెను శాంతకుమారి గారి గురించి అడిగాను. పక్కనున్న కుర్రాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఆమె మాత్రం “ఎంకటేశ్వర మహత్యంలో వకుళమ్మ గదా! మా ఊరామే” అంది ఠక్కున. 1920లో ఇక్కడ పుట్టిన వెల్లాల సుబ్బమ్మే 1936లో ‘శశిరేఖా పరిణయం’తో శాంతకుమారి అయ్యారు. భర్త పి. పుల్లయ్య గారు 1939లో తీసిన వెంకటేశ్వర మహత్యంలో ఆవిడ పద్మావతి. 1960లో ఆయనే మళ్ళీ తీస్తే వకుళమాత! ఆ తర్వాత ఎంతమంది హీరోలకు అమ్మ అయ్యారో లెక్కపెట్టడం కష్టం. వెండితెర అమ్మ పుట్టిన ఊళ్ళోనే మా అమ్మ గాజులమ్మిందన్న మాట!

అక్కణ్ణించి బంగారం అంగళ్ళ బజారు. ఈ ఊరిని రెండో బొంబాయి అంటారు. ఊరకే అనరు. అద్దాల వెనక ధగధగలు, మధ్య మధ్య సందుల్లో కంసాలుల చిన్న చిన్న గదులు, సుత్తి చప్పుళ్ళు. అమ్మ ఏ కొట్లో అమ్మిందో నాకు తెలియదు. ప్రతి కొట్టూ అదేనేమో అనిపించింది. 2009లో తులం పదిహేను వేల చిల్లర. 2025లో లక్ష దాటింది. నా వ్యాసాలన్నీ అమ్మినా ఒక్క గాజు రాదు.

ఓ సందులో ముసలి కంసాలి నన్ను చూసి “ఏం కావాల నాయనా?” అన్నాడు.

“కొనేదేం లేదు పెద్దాయనా, ఊరికే చూస్తాండా” అన్నాను. ఇన్నేళ్ళ హైదరాబాదు ఎటు పోయిందో, మా పల్లె యాస ఊడిపడింది!

పీట చూపించాడు. కూర్చుని సంగతంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు. “ఆ గాజులు ఇంకా ఏడుంటాయి? ఆ వారమే కరిగించింటారు. ఎవురి మెళ్ళోనో గొలుసై ఉంటాది. ఎదకద్దు” అన్నాడు.

సాయంత్రం పెన్న ఒడ్డున ముక్తిరామేశ్వరం దాకా నడిచాను. ఇసకే ఎక్కువ, నీరు తక్కువ. నా జేబు లాగే!

మర్నాడు జమ్మలమడుగు బస్సు, అక్కణ్ణించి గండికోట. ఎర్రమల కొండలను పెన్న కోసిన లోయ, మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం - అన్నీ కాళ్ళతోనే చూశాను. ఆ రాత్రికి పులివెందుల మీదుగా మా పల్లె చేరాను. ఇంకా మూడు వందలు మిగిలాయి. ఆ గొప్ప అమ్మకు చెప్పాను, ఆటో ఎక్కకుండా ఊరంతా నడిచానని.

“నేనూ నడిచినా ఆ పొద్దు” అంది అమ్మ, చెనిక్కాయలు ఒలుస్తూ. “ఆటో వాడు పది రూపాయలడిగినాడు. దుడ్లు కొంగున ముడేసుకొని బస్టాండు దాకా నడిచినా. దోవలో బజ్జీలేస్తాండ్రి. ఆకలైతాండె గానీ, ముడి ఇప్పితే ఎవురన్నా సూస్తారని తినలా.”

ఇన్నేళ్ళలో ఈ మాట నాకు చెప్పలేదు. గాజుల సంగతి నాకు తెలుసు. ఆ నడక తెలియదు. మన సినిమాల్లో కూడా అది ఉండదు, అక్కడ కట్ చేసేస్తారు.

“నువ్వన్నా తిన్యావా?” అనడిగింది.

తిన్నానని చెప్పడానికి గొంతు రాలేదు.

వచ్చే నెల అమ్మను తీసుకుని మళ్ళీ ప్రొద్దుటూరు వెళ్తున్నాను. బజారు నుంచి బస్టాండు దాకా నడుస్తాం. దారిలో బజ్జీల బండి దగ్గర ఆగుతాం.