పగులు మీద పండగ

ఏడాదికి ఆరేడు రోజులు మాత్రమే నిండే కట్టడం ఒకటుంది. కట్టి వందేళ్లు దాటింది. దాని అడుగున నేలలో నిట్టనిలువునా పగులుంది. అలాంటి దాన్ని నిలబెట్టుకోవడానికి 32 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టారు. ఇవాళ్టి లెక్కలో రెండున్నర వేల కోట్ల రూపాయలకు పైమాటే. మా ఊరి రచ్చబండ దగ్గర ఈ సంగతి చెబితే ‘వాళ్లకేమైనా పిచ్చా?’ అంటారు. ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ భవనాల బాగోగులు చూసిన ఇంజినీరుని కాబట్టి, నేను ఆ మాట అనేసి ఊరుకోలేకపోయాను.

ఆ కట్టడం కాలిఫోర్నియాలో బర్కిలీ యూనివర్సిటీ వారి ఫుట్‌బాల్ స్టేడియం. ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన, కాలితో తన్నే ఆట కాదు. నెత్తిన హెల్మెట్, భుజాలకు దిండ్లలాంటి కవచాలు కట్టుకుని, కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని ఒకళ్లమీద ఒకళ్లు పడుతూ పరిగెత్తే ఆట. కాలేజీ కుర్రాళ్లు ఆడే ఈ ఆటంటే అక్కడ మనకు క్రికెట్ మీదున్నంత పిచ్చి. శనివారం పొద్దున్నే కార్ల డిక్కీలు తెరిచి, పొయ్యిలు వెలిగించి, తాతలూ మనవలూ ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని తిరుగుతుంటే అచ్చం మన తీర్థంలా ఉంటుంది.

మా మనవరాలు అక్కడే చదివింది. 2023 అక్టోబరులో ఫ్రీమాంట్‌లోని మా అమ్మాయి ఇంట్లో ఉండగా, ‘తాతయ్యా, ఒక్కసారైనా చూడాలి’ అని బలవంతాన లాక్కెళ్లింది. మా ఆవిడ మాత్రం రానంది. ‘భూమి కదిలే చోట మెట్లెక్కి కూర్చోవడం ఏమిటే తల్లీ? మీరు కూడా వెళ్లకండి’ అని నా వంక చూసింది. ‘అమ్మమ్మా, ఆ పగులు మనింటి ఊళ్లోంచి కూడా వెళ్తోంది. దాని మీదే కదా కూరగాయలకు వెళ్తున్నాం’ అంది పిల్ల నవ్వుతూ. అది నిజమే. మన తెలుగువాళ్లు ఎంతోమంది స్థిరపడ్డ ఫ్రీమాంట్ నుంచి బర్కిలీ దాకా, ఇంకా పైకీ సాగే ఆ పగులు పేరు హేవార్డ్ ఫాల్ట్. చివరిసారి 1868 అక్టోబరు 21న పెద్దగా కదిలింది. అది సగటున నూటయాభై ఏళ్లకోసారి అలా కదులుతుందని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. ఆ గడువు ఇప్పటికే దాటింది.

స్టేడియం 1923 నవంబరు 24న మొదలైంది. ఆ రోజు పక్క ఊరి దాయాది స్టాన్‌ఫర్డ్ జట్టు మీద బర్కిలీ గెలిచింది కూడా. కట్టడానికి డబ్బిచ్చింది జనం. విరాళాలు పోగుచేసి, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కాలిఫోర్నియా వాళ్ల జ్ఞాపకంగా కట్టారు. అందుకే దాని పేరు మెమోరియల్ స్టేడియం. జాన్ గేలన్ హోవర్డ్ అనే వాస్తుశిల్పి రోము నగరపు కొలోసియం తలపుకొచ్చేలా కమానుల గోడ కట్టించాడు. ఒక పక్క కొండవాలునే మెట్లుగా మలిచారు. చోటు అద్భుతం. పై మెట్ల మీద కూర్చుంటే ఒకవైపు పచ్చటి కొండ, ఇంకోవైపు శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం.

చిక్కల్లా ఆ పగులు మైదానం ఈ కొసనుంచి ఆ కొసకు, ఒక గోల్ కర్ర నుంచి ఇంకో గోల్ కర్ర దాకా, సాగడమే. ఆ సంగతి కట్టినవాళ్లకూ తెలుసు. అందుకే గోడల్లో కదలికకు సందులు వదిలారు. అయితే ఈ పగులు పెద్ద భూకంపం కోసం కాచుకుని కూర్చునే రకం కాదు. ఏడాదికి అయిదు మిల్లీమీటర్ల చొప్పున నత్తలా జరుగుతూనే ఉంటుంది. ఎనభై ఏళ్లలో స్టేడియం సగాలు రెండూ ఒకదానికొకటి అడుగుకు పైగా పక్కకు జరిగాయి. పాత ఫొటోల్లో చూడండి, ఒకే వరసలో ఉండాల్సిన గోడలు ఎడమొగం పెడమొగంగా కనిపిస్తాయి.

మా ఉద్యోగంలో పాత కచేరీలు, ఆసుపత్రులు, బడులు తనిఖీ చేసేటప్పుడు గోడ బీటలు వారితే ముందు ఒక పని చేసేవాళ్లం. బీటకు అడ్డంగా సన్నటి గాజుముక్క పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించేవాళ్లం. కొన్ని నెలలయ్యాక వెళ్లి చూస్తే గాజు అలాగే ఉందంటే, ఆ బీట చచ్చిన బీట. పూడ్చి సున్నం వేస్తే సరి. గాజు విరిగిందంటే బతికున్న బీట. దాని ముందు సున్నానికీ సిమెంటుకీ విలువ లేదు. బర్కిలీది ముమ్మాటికీ బతికున్న బీట. ఏ దేశపు ఇంజినీరైనా అది చూసి ‘ఇక్కడ జనాన్ని కూర్చోబెట్టకండి’ అని రాయాలి. 1997లో యూనివర్సిటీ తన భవనాలన్నీ తనిఖీ చేయించినప్పుడు ఇదీ ప్రమాదకరమనే తేలింది.

ఇక్కడే మా అల్లుడు అందుకున్నాడు. ‘మామయ్యగారూ, స్టాన్‌ఫర్డ్ వాళ్లని చూడండి. పాతదాన్ని ఎంత చక్కగా వదిలించుకున్నారో!’ అన్నాడు. నిజానికి అదీ వినదగ్గ కథే. స్టాన్‌ఫర్డ్ స్టేడియం 1921 నాటిది, బర్కిలీ దానికన్నా రెండేళ్లు చిన్నది. 2005 నవంబరులో చివరి ఆట ముగిసిన వెంటనే బుల్‌డోజర్లు దిగాయి. పది నెలలు తిరక్కుండా 2006 సెప్టెంబరులో కొత్త స్టేడియంలో ఆట మొదలైపోయింది. 85 వేల సీట్లున్న చోట 50 వేలకు కుదించారు. ఖర్చు పది కోట్ల డాలర్లకు అటూ ఇటూ. అంటే బర్కిలీ వాళ్లు పాతదాన్ని ఉంచుకోవడానికి పెట్టినదాంట్లో మూడోవంతు. ‘కొత్తది చౌక, పాతది ఖరీదు. ఇందులో ఆలోచించడానికేముంది?’ అన్నది మా అల్లుడి వాదన.

నాకు ఆ పోలిక నప్పలేదు. స్టాన్‌ఫర్డ్ గోడలు కూల్చితే పోయేది పాత సిమెంటు, చెక్క బెంచీలు. కొత్తది మళ్లీ అదే నేల మీద కట్టుకోవచ్చు. బర్కిలీకి ఆ వెసులుబాటు లేదు. 1971లో శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చాక, మరుసటేడే కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. కదిలే పగులు మీద మనుషులు మసిలే కొత్త భవనం కట్టకూడదు. ఉన్నదాన్ని బాగుచేసుకోవచ్చు, అదీ దాని విలువలో సగానికి మించకుండా. అంటే పూర్తిగా కూల్చేస్తే ఆ చోట ఇక స్టేడియం లేనట్టే. చనిపోయినవాళ్ల పేరున జనం కట్టుకున్న జ్ఞాపకాన్ని ఏ ఊరి చివరికో పార్కింగు స్థలాల మధ్యకు తరలించాలి. అందుకే అక్కడ వాదన పాతదా, కొత్తదా అని కాదు. ఉంచడమా, ఊరు దాటించడమా అని.

ఉంచాలనే తేల్చారు. కానీ ఎలా ఉంచాలన్నది తగువైంది. ముందు క్రీడాకారుల శిక్షణ భవనం కట్టడానికి పక్కనున్న ఓక్ చెట్లు కొట్టాలన్నారు. 2006 డిసెంబరు 2న కొందరు ఆ చెట్లెక్కి కూర్చున్నారు. కోర్టుల్లో దావాలు నడిచాయి. చెట్లమీద వాళ్లు విడతలవారీగా 21 నెలలు ఉన్నారు. 2008 సెప్టెంబరు 9న చివరివాళ్లను దింపాకే పని ముందుకు సాగింది.

పని మాత్రం మెచ్చుకోవాల్సిందే. 2010 సీజను అయ్యాక పడమటి సగాన్ని, చారిత్రక కమానుల గోడ ఒక్కటీ ఉంచి, లోపలంతా తీసేసి కొత్తగా కట్టారు. పగులు సరిగ్గా దాటేచోట రెండు భాగాలను మిగతా కట్టడం నుంచి విడదీశారు. వాటి పునాది కింద ఇసుక, ప్లాస్టిక్ షీట్లు పరిచారు. నేల కదిలితే ఆ భాగాలు ముక్కలవకుండా పీటలా జరుగుతాయి. పక్కకు ఆరడుగులు, పైకీ కిందికీ రెండడుగులు జరిగినా పక్కవాటిని గుద్దుకోకుండా సందులు వదిలారు. మా మనవరాలు మెట్లెక్కుతుంటే నేను ఆ సందు దగ్గర ఆగి, వేళ్లు పెట్టి చూశాను. పగులుతో పోట్లాడకుండా దానికి దారి వదిలారు. గాజుముక్కలు అతికించిన చేతికి ఆ తెలివి ఎంత గొప్పదో తెలుసు.

2012 సెప్టెంబరు 1న స్టేడియం మళ్లీ తెరిచారు. ఆ ఆట ఓడిపోయారు. ఆ ఏడు పన్నెండాటల్లో మూడే గెలిచారు. మరుసటేడు ఒక్కటే. అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. ఖర్చులకు డబ్బు ఎక్కడిదంటే, మంచి చోట ఉన్న సుమారు మూడువేల సీట్లను దశాబ్దాల హక్కుతో అమ్ముతామన్నారు. ఒక్కో సీటు 40 వేల డాలర్ల నుంచి రెండు లక్షలు దాటేదాకా. ఆ సొమ్ముతో అప్పు తీరుతుందని లెక్క. ఈలోగా ఆర్థిక మాంద్యం వచ్చిపడింది, జట్టు ఓడుతోంది, సీట్లు అనుకున్నట్టు పోలేదు. శిక్షణ భవనంతో కలిపి దాదాపు 44 కోట్ల డాలర్ల అప్పు మిగిలింది. క్రీడా విభాగం మోయలేక చతికిలబడితే, 2018లో సగానికి పైగా అప్పును యూనివర్సిటీయే నెత్తికెత్తుకుంది. 2021లో మైదానం పేరును ఒక క్రిప్టో కంపెనీకి పదేళ్లకు కోటీ డెబ్బై అయిదు లక్షల డాలర్లకు ఇచ్చారు. ఏడాది తిరిగాక, 2022 నవంబరులో ఆ ఎఫ్‌టీఎక్స్ కంపెనీ దివాలా తీసింది. పేరూ పోయింది, రావాల్సిన డబ్బూ పోయింది. అప్పు వాయిదాల చివరి కొస 2113లో ఉంది.

అంకె పొరపాటున పడింది కాదు. రెండువేల నూట పదమూడే. మా మనవరాలి మనవళ్లు కాలేజీ వయసు దాటేదాకా అన్నమాట. అప్పటికి ఈ ఆట ఎవరైనా ఆడుతుంటారో లేదో! అది విన్నాక మా అల్లుడు ‘నేను చెప్పలేదా’ అన్నట్టు చూశాడు. కానీ మా మనవరాలి మాట వేరు. ‘తాతయ్యా, నాన్న ఎప్పుడూ రేటే చూస్తాడు. మా ప్రొఫెసరుగారి తాత ఇక్కడ ఆట చూశారు, ఆయన చూశారు, వాళ్లబ్బాయి నాతో చూశాడు. స్టాన్‌ఫర్డ్ వాళ్లకు అలా చూపించుకోవడానికి ఏముంది?’ అంది.

ఆ పిల్ల మాటలో బలముంది. 1982 నవంబరు 20న అక్కడే జరిగిన ఆట గురించి ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. నాలుగు సెకన్లు మిగిలుండగా స్టాన్‌ఫర్డ్ గెలిచేసింది. వాళ్ల బ్యాండుమేళం సంబరంగా మైదానంలోకి వచ్చేసింది. బర్కిలీ కుర్రాళ్లు బంతిని అయిదుసార్లు చేతులు మార్చుకుంటూ, ఆ మేళగాళ్ల మధ్యలోంచే పరిగెత్తి, చివరికి బాకా ఊదే అతన్ని గుద్దుకుని మరీ గెలిచారు. మెట్ల మీద ముసలాయన ఎవరో ‘అదిగో, ఆ మూలే’ అని పక్కన పిల్లాడికి వేలుపెట్టి చూపిస్తున్నాడు. అలా చూపించాలంటే ఆ మూల అక్కడే ఉండాలి.

ఇంకో మంచి సంగతి కూడా చూశాను. స్టేడియం వెనక కొండమీద జనం పచ్చిక మీద కూర్చుని ఆట ఊరికే చూస్తున్నారు. ఆ చోటును ‘పిసినారి గుట్ట’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. బర్కిలీకి పాయింట్లొస్తే ఫిరంగి పేలేది ఆ గుట్టమీదే. మరమ్మతుల్లో మెట్లు పెంచి గుట్టకు ఆట కనబడకుండా చేస్తారేమోనని గుట్టవాళ్లు కూడా కోర్టుకెక్కారు. చివరికి ఆ చూపు మిగిలింది. రెండు లక్షల డాలర్ల సీటువాడూ, పైసా ఇవ్వని గుట్టవాడూ ఒకే ఆట చూస్తున్నారు. బర్కిలీ ఆ రోజు ఓడిపోయింది. ఫిరంగి మాత్రం చాలాసార్లే పేలింది.

ఆ ఫైలు నా బల్ల మీదికి వచ్చుంటే ఏం రాసేవాణ్నని మా అల్లుడు కారులో అడిగాడు. ఉంచమనే రాసేవాణ్ని. ఆ గోడ ఉంచాలి, ఆ పేరు ఉంచాలి, పగులుకు దారి వదిలిన ఆ పని చేయాల్సిందే. కానీ కింద ఇంకో రెండు ముక్కలు రాసేవాణ్ని. స్టాన్‌ఫర్డ్ వాళ్లలాగే సీట్లు బాగా తగ్గించండి, 63 వేలు అక్కర్లేదు. క్లబ్బు గదులు, హంగులు డబ్బు చేతికొచ్చాకే కట్టండి, గెలుస్తామన్న నమ్మకం మీద అప్పు చేయకండి. 1923లో జనం తమ జేబులోంచి తీసి ఇచ్చారు. 2012లో ఇంకా పుట్టనివాళ్ల జేబులోంచి తీశారు. గోడ అదే అయినా ఈ రెండు పనులూ ఒకటి కావు.

‘అలా రాస్తే ఫైలు కదిలేదా?’ అన్నాడు అల్లుడు. కదిలి ఉండేది కాదేమో. ఆలస్యమైనన్నాళ్లూ ఆ పాత మెట్ల మీద పిల్లలు కూర్చుంటూనే ఉండేవాళ్లు, కింద నేల ఏడాదికి అయిదు మిల్లీమీటర్లు జరుగుతూనే ఉండేది. వాళ్లు అప్పుచేసి త్వరపడటానికి అదీ ఒక కారణమే. అందుకే ఆ అప్పును తప్పు అనగలను గానీ, ఆ తొందరను తప్పనలేను.