చీటీ కథ

2023 చలికాలంలో మా బెంగుళూరులో ఒక విశ్వవిద్యాలయంవారు ఆ యేటి నోబెల్ బహుమతుల గురించి ఉపన్యాసాలు ఏర్పాటుచేశారు. రుసుము లేదు, ఎవరైనా రావచ్చునన్నారు. సరేనని మేమూ వెళ్ళాం.

ఆనాటి విషయం కరికో, వైస్‌మన్ గార్ల ఎం.ఆర్.ఎన్.ఎ. పరిశోధన. ఉపన్యాసం ఇంగ్లీషులో సాగింది. అర్థమయిందనే అనుకున్నాం. ఇంటికి రాగానే అమ్మ, "ఏం చెప్పారర్రా?" అంది. తీరా నోరు తెరిస్తే తెలుగు రాలేదు! నాలుగు తరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నామని గొప్పలు చెప్పుకునేవాళ్ళం.

చివరకు వంటింటినే ఆశ్రయించాం. "ఒంట్లో ప్రతి కణమూ ఒక వంటిల్లమ్మా. ఏ మాంసకృత్తు వండాలో చీటీ వస్తుంది. మనం బయటినుంచి చీటీ పంపితే కాపలావాళ్ళు గొడవచేస్తారు. అందులో ఒక అక్షరాన్ని కాస్త మార్చి రాస్తే ఊరుకుంటారని వీళ్ళు 2005లో చూపించారు. కోవిడ్ టీకాల్లో కొన్ని అటువంటి చీటీలే."

"బహుమతి ఇన్నాళ్ళకా?" అంది అమ్మ.

"అంతకుముందు 1995లో కరికోగారికి ఉద్యోగంలో హోదా కూడా తగ్గించారు."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి నన్నూ తీసుకువెళ్ళండి" అంది.

"ఇంగ్లీషు కదమ్మా!"

"చెప్పడానికి మీరున్నారుగా."

అప్పటినుంచి ఏ ఉపన్యాసానికి వెళ్ళినా, వింటూనే తెలుగు మాట వెతుక్కుంటున్నాం.