కుట్టుయంత్రముపై బొంత

బొంత యనినంతనే చిన్నచూపు చూచువారు పెక్కురు. చినిగిన చీరలను మాసిన పంచెలను ఒకదానిపై నొకటి పఱచి ముతకదారముతో కుట్టిన పేదవాని పక్కయని వారి తలంపు. కాని తెలుగునాట నెన్నియో యిండ్లలో పసిబిడ్డను తొలుత పరుండబెట్టునది పాతచీరల బొంతపైననే. ఎన్నియో యుతుకులకు లోనై మెత్తబడిన నూలుబట్టకు సాటివచ్చు క్రొత్తబట్ట యే యంగడిలోను దొరకదు. వంగదేశమున నిట్టిదానిని కాంథా యందురు. కన్నడసీమ యుత్తరభాగమున కౌది యందురు. పేరేదైనను పని యొక్కటియే.

మా వదినకు జనవరిమాసమున కానుపు కాగలదని తెలిసిననాటనుండి మా నాయనమ్మ బొంత మాట యెత్తసాగెను. మా యింట పుట్టిన ప్రతి బిడ్డకును ఆమెయే బొంత కుట్టెను. ఇప్పుడామెకు చూపు మందగించినది. సూదిలో దారము నెక్కింపలేదు. ఒకనాడు పెట్టె తెఱచి ఆఱు చీరలను, కీర్తిశేషులైన మా తాతగారి పంచెలు రెంటిని మా ముందు పెట్టి, "కుడితే కుట్టండి, లేకపోతే గిన్నెలవాడికి వేసెయ్యండి" అనెను. ఆ గొంతులోని విసుగు నిజమైన విసుగు కాదని మాకు తెలియును.

మేమనగా అక్కచెల్లెండ్ర మిద్దరము. ఒకతె పదవ తరగతి, ఒకతె యెనిమిదవది. బడికి పోవుచు చేతితో కుట్టినచో వేసవి సెలవులవఱకు బొంత ముగియదు. యంత్రముపై కుట్టెదమన్నచో నాయనమ్మ యొప్పుకొనదు. "మిషను కుట్టు బిరుసు. బిడ్డ వీపున గీతలు పడతాయి" అని యామె వాదము. (మన పాఠశాలలో మిషను అను మాటకు వేఱొక యర్థము కలదు గావున మేము కుట్టుయంత్రమనియే వ్రాసెదము.) ఆ వాదమున నిజము లేకపోలేదు. యంత్రపు కుట్టు దగ్గఱ దగ్గఱగా పడినకొలది బట్ట అట్టవలె బిగియును. అదియుగాక, మూడు పొరలను కలిపి కుట్టునపుడు అడుగుపొర ముందుగా సాగిపోవును, పైపొర వెనుకబడి ముడుతలు పడును. దీనికి కారణము యంత్రపు పళ్లు.

సూదిక్రింది పలకలో చిన్నపళ్ల వరుసలు కలవు. అవి పైకి లేచి బట్టను పట్టి, ఒక కుట్టంత దూరము జరిపి, క్రిందికి దిగి, మరల మొదటిచోటికి వచ్చును. ఈ నాలుగు కదలికల యేర్పాటునకు అమెరికాదేశమున ఆలెన్ విల్సన్ అనునతడు 1854లో పేటెంటు పొందెను. దానివలన కుట్లన్నియు నొకే నిడివి కలవై తిన్నగా పడును. కుట్టువారి చేతికి బట్టను త్రోవలో నుంచుట తప్ప వేఱు పని యుండదు. ఆ పళ్లనే దించివేసినచో సూది యున్నచోటనే పొడుచుచుండును. అప్పుడు బట్టను మన చేతులే నడుపవలెను. ముందునకు, వెనుకకు, ప్రక్కకు, సుడివలె, మన యిష్టము. అమెరికావారు దీనినే ఫ్రీ మోషన్ కుట్టు అందురు. పేరు క్రొత్తగాని పని క్రొత్తది కాదు. సింగరు కంపెనీవారు 1911లోనే సాధారణ యంత్రముపై నిట్టి యల్లికపని నేర్పు పుస్తకమును ప్రకటించిరి. మన యూళ్లలో రవికలపై యంత్రముతో పూలు కుట్టువారు చేయునదియు నిదియే. వారు బట్టను చట్రమున బిగించి కుట్టుదురు.

మా వీథిలో నట్టి పని చేసి జీవనము సాగించు పిన్నిగారొకరు కలరు. ఆమె నడుగగా, "బొంతా? అంత మందం మీద నేనెప్పుడూ కుట్టలేదమ్మా. రండి, చూద్దాం" అని తన త్రొక్కుడుయంత్రముకడ మాకు చోటిచ్చెను. ఈ పనికి త్రొక్కుడుయంత్రము మేలు. చేతితో త్రిప్పునదైనచో ఒక చేయి చక్రమునకే పోవును. పళ్లను దించు బొత్తాము కొన్ని యంత్రములకు కలదు. లేనివానిలో కుట్టు నిడివిని సున్నకు త్రిప్పి పళ్లపై నొక రేకుపలకను బిగింతురు. ఆమె యట్లే చేసెను. పిమ్మట బట్టను నొక్కిపట్టు పాదమును తీసి, రఫు పనికి వాడు స్ప్రింగు పాదమును తగిలించెను. సూది దిగునపుడు మాత్రమే యిది బట్టను తాకును. సూది లేవగనే తానును లేచును.

ఇచట మఱవరాని సంగతి యొకటి కలదు. పాదము బట్టను నొక్కకున్నను దాని వెనుకనున్న మీటను దించియే కుట్టవలెను. మీట పైనున్నంతసేపు పైదారమును బిగించు బిళ్లలు వదులుగా నుండును; అప్పుడు కుట్టినచో బట్టక్రింద దారము పిచ్చుకగూడువలె పోగుపడును. అడుగుదారమును కూడ మొదటనే పైకి లాగి, రెండు కొసలను వ్రేలితో పట్టి, రెండు మూడు పొడుపులు అచటనే వేసి, ఆ తరువాత కదలవలెను.

ఇక కాలికిని చేతికిని పొత్తు కుదురుటయే విద్య యంతయు. కాలు వేగముగా త్రొక్కుచు చేయి మెల్లగా కదలినచో కుట్లు చీమలబారువలె క్రిక్కిఱిసి పడి దారము తెగును. చేయి తొందరపడినచో కుట్లు పొడవై బిడ్డ కాలివ్రేలికి తగులుకొనునట్టివి పడును. బట్టను గుంజినచో సూది వంగి పలకను తాకి విఱుగును. "కాలు ఒకే తాళంలో ఉండాలి, చేతులు ఆ తాళానికి నడవాలి" అని పిన్నిగారు చెప్పెను. అందుచేత మేము బడిలో నేర్చిన పాటలను లోలోపల పాడుకొనుచు త్రొక్కితిమి. కవాతుపాటలు దీనికి పనికిరావు. జోలపాటల నడక సరిపోవును. మూడు వారములు ఆమె మమ్ము చీరలను ముట్టనీయలేదు. మొదట వార్తాపత్రికపై పెన్సిలు ఎత్తక గీతలు గీయించెను; తరువాత దారములేని సూదితో ఆ కాగితముపైననే కుట్టించెను; పిదప జానెడు ముక్కలు, పాత గుడ్డసంచులు.

కంటిని సూదిపై నుంచరాదు, సూది పోబోవు చోటున నుంచవలెను అని యామె చెప్పగనే మాకు నాయనమ్మ ముగ్గు జ్ఞప్తికి వచ్చెను. ఆమె చుక్కలు పెట్టి మెలికముగ్గు వేయునపుడు వ్రేళ్లనుండి పిండి యొకే తీరున జాఱుచుండును. చేయి నిలిచినచో పిండి కుప్పపడును. పరుగెత్తినచో గీత తెగును. సూదిపని సరిగా నట్టిదే. ఇంటికి వచ్చి యా మాట చెప్పగా ఆమె కొంతసేపు మాటాడక, "అయితే కుట్టు పొడుగు మిషనుది కాదన్నమాట, చేతిదే" అనెను. మేము మూడు వారములు నేర్చినది ఆమె ఒక్క మాటలో చెప్పినది. అయితే ముగ్గుపాఠము మాకు సగమే యుపయోగపడినది. మెలికముగ్గులో గీత తన్ను తాను దాటుచు పోవును. బొంతపై మేము కుట్టదలచిన గీత తన్ను తాకకయే యేటివంపులవలె తిరుగవలెను. వెనుదిరిగి వచ్చుటకు త్రోవ నుంచుకొనియే ముందునకు పోవలెను.

చేతికుట్టు గొప్పదా, యంత్రపుకుట్టు గొప్పదా యను తగవు మా యింటికే పరిమితము కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రమున బానిసగా పుట్టిన హేరియట్ పవర్స్ అను నామె బైబిలు కథలను గుడ్డముక్కలతో చిత్రించిన బొంతను 1886లో ప్రదర్శనమున నుంచెను. అది యిప్పుడు స్మిత్సోనియన్ సంస్థయందు భద్రముగా నున్నది. దానిపై చేతికుట్టును యంత్రపుకుట్టును రెండును కలవు. అయినను తరువాతివారు చిరకాలము చేతికుట్టునకే పట్టము గట్టిరి. కెంటకీ రాష్ట్రపు పడూకా నగరమున జరుగు బొంతల ప్రదర్శనమున యంత్రముపై కుట్టిన బొంతకు సర్వోత్తమ బహుమతి తొలిసారి దక్కినది 1989లో. సూర్యగ్రహణమును చిత్రించిన యా బొంత కేరిల్ బ్రయర్ ఫాలర్ట్ కుట్టినది. మా నాయనమ్మకు ఈ కథ చెప్పగా, "గ్రహణం బొమ్మ బిడ్డ మీద కప్పుతారా ఎక్కడైనా?" అని మాత్రమే యడిగెను.

మంగళగిరి చీర జరీయంచు బిడ్డ మేనికి గీచుకొనునని విప్పి తీసితిమి. నాలుగు చీరలు పైపొరకును అడుగుపొరకును పోయినవి. తాతగారి పంచెలు మడతలుగా నడిమిపొర యైనవి. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. నేలపై పఱచి, నలుమూలల రోకలి, రుబ్బుఱాళ్లు బరువు పెట్టి, బెత్తెడు కొకటి చొప్పున పిన్నీసులు గ్రుచ్చితిమి. సూది పదునాలుగవ నంబరు, దారము నూలుది. నడుమనుండి మొదలిడి అంచులకు పోవలెను. లేనిచో నడుమ గాలిబుడగవలె బట్ట మిగిలిపోవును. యంత్రపు చేయిక్రింద చోటు జానెడే గనుక బొంతను చుట్టగా చుట్టి దూర్చితిమి. ఒకతె కుట్టుచుండగా నొకతె బరువు లాగకుండ ఎత్తిపట్టుచుండెను. బిరుసు మాట మఱవక గీతకును గీతకును రెండంగుళముల యెడముంచితిమి. అంగుళమునకు ఎనిమిది కుట్లు మించనీయలేదు. పాతబట్టను సూది జల్లెడ చేయరాదు గదా.

ఆఱు సాయంకాలములలో మూడుమూలలు ముగిసినవి. ఆ రాత్రి నాయనమ్మ బొంతను ఒడిలో వేసికొని అఱచేతితో నిమిరెను, చెంపకు తాకించుకొనెను, క్రింది దారము వదులుగా నున్నదేమోయని గోటితో మీటి చూచెను. మేము ఊపిరి బిగబట్టి యుంటిమి. "నాలుగో మూల వదిలేసి, నాకు సూదికి దారమెక్కించి ఇవ్వండి" అనెను. రెండు దినములు వాకిటి యరుగుపై కూర్చుండి, కన్నులతో పనిలేకయే, వ్రేలికొసలతో దారి వెదకుకొనుచు ఆ మూలను ఆమె కుట్టెను. ఆమె కుట్లు మాకుట్లకంటె పొడవు. వరుసలు కొంచెము వంకర. చేయి పెట్టి చూచినచో ఆ మూలయే యెక్కువ మెత్తన. ఇది యొప్పుకొనవలసినదే.

జనవరి రెండవ వారమున వదినకు ఆడుబిడ్డ కలిగినది. బొంత దినమున కొకమాఱు, ఒక్కొక్కనాడు రెండుమాఱులు తడుపబడుచు దండెముపై నాఱుచున్నది. ఇంతవఱకు ఒక్క కుట్టును వీడలేదు. అది యాఱువఱకు వేయుటకు రెండవదొకటి కావలెనని వదిన యడుగుచున్నది. చీరలు రెండే మిగిలియున్నవి. వానిలో నొకదానిని నాయనమ్మ మరల పెట్టెలో పెట్టి తాళము వేసినది.